ఏ మాటని ఏ చెవితో వినాలి

విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) దగ్గర్లో ఉన్న ఒక మందుల షాపులో 18 ఏళ్లుగా ఫార్మసిస్టుగా పని చేస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అటు ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా జనం పెద్దాసుపత్రికి వస్తారు. చేతిలో చీటీ, సంచిలో ఎక్స్‌రే కవరు, ముఖంలో టెన్షన్. చూసేవాళ్లకి నేను రోజంతా బిళ్లలు తీసిస్తున్నట్టే కనిపిస్తాను గానీ, ఆ పనిలో సగం చెవులతోనే జరుగుతుంది. ఆ సగం నేను సరిగ్గా చేయడం లేదని ఒక పాప సిరప్ వల్ల తెలిసింది.

ఒక మధ్యాహ్నం ఒక నాయనమ్మ మనవరాలి కోసం 60 ఎంఎల్ సిరప్ సీసా తీసుకుంది. "రోజుకి మూడుసార్లమ్మా, తిన్నాక, ఒక్కో మూత" అన్నాను. "ఊ" అంది. "నాలుగు రోజులు వాడాలి." "ఊ, అలాగే బాబూ." వెనక ఐదారుగురు నిలబడి ఉన్నారు. నేను తర్వాతి చీటీ అందుకున్నాను.

మర్నాడు రాత్రి ఆవిడ ఖాళీ సీసా పట్టుకుని వచ్చింది, ఇంకోటి కావాలని. 5 ఎంఎల్ చొప్పున రోజుకి మూడుసార్లంటే ఆ సీసా సరిగ్గా నాలుగు రోజులు రావాలి. కనుక్కుంటే తెలిసింది: కొలత గీతలున్న ప్లాస్టిక్ మూత దారిలోనే ఎక్కడో పడిపోయింది. నేను "మూత" అన్నమాట ఆవిడకి గుర్తే లేదు. ఇంట్లో కూర వడ్డించే చెంచాతో పోసింది. ఆ చెంచాకి 15 ఎంఎల్ పడుతుంది. పాపని వెంటనే డాక్టరుగారికి చూపించాం, భయపడాల్సిందేమీ లేదన్నారు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడ "ఊ" అన్న ప్రతిసారీ నేను దాన్ని "అర్థమైంది" అని విన్నాను. కథ చెబుతుంటే పిల్లలు ఊ కొడతారు చూడండి, ఇదీ అలాంటిదే. "నువ్వు చెబుతూ ఉండు, నేనిక్కడే ఉన్నాను" అని దానర్థం. అంతకు మించి అందులో ఏమీ లేదు.

అప్పట్నుంచి వినడం గురించి దొరికింది చదువుతూ, కౌంటర్ దగ్గర పాటించి చూస్తూ వచ్చాను. ఆండ్రూ వోల్విన్, కరొలిన్ కోక్లీ అనే ఇద్దరు అమెరికా అధ్యాపకులు వినడాన్ని ఐదు రకాలుగా విడదీశారు. శబ్దంలో తేడా పట్టుకోవడానికి వినడం, విషయం తెలుసుకోవడానికి వినడం, ఎదుటి మనిషి మనసు తేలికపడేలా వినడం, నిజమెంతో తేల్చుకోవడానికి వినడం, ఆనందం కోసం వినడం. ఇన్నేళ్లలో నేను చూసింది ఏంటంటే, ఇంట్లో గానీ షాపులో గానీ గొడవలు చాలావరకు ఒక రకంగా వినాల్సిన చోట ఇంకో రకంగా వినడం వల్లే వస్తాయి. మందు మోతాదు చెబుతుంటే జాలిగా తల ఊపుతాం. ఏడుస్తున్న మనిషికి లెక్కలు చెబుతాం. అందుకే ఏ మాటకి ఏ చెవి పెట్టాలో, అదెలా చేయాలో వరసగా చెబుతాను.

మొదట: ఈ మాట నా దగ్గరికి ఎందుకొచ్చింది?

ఎవరైనా మాట మొదలుపెట్టగానే మనసులో ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి. నేను గుర్తుపెట్టుకోవాలని చెబుతున్నారా? భారం దించుకోవడానికి చెబుతున్నారా? నన్ను ఒప్పించడానికా? లేక ఊరికే, కబుర్లకా? మొదటి రెండు మూడు వాక్యాల్లోనే చాలాసార్లు తెలిసిపోతుంది. "రేపు పదింటికి ఆధార్ కార్డు జిరాక్స్ తీసుకుని రావాలి" అన్నది గుర్తుపెట్టుకోవాల్సిన మాట. "ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మనిషినా?" అన్నది భారం. దానికి "ఏం, నలుగురం ఉన్నాం కదా" అని లెక్క చెబితే ఆ పూట ఇంట్లో ఎలా ఉంటుందో మీకు తెలుసు.

తెలియకపోతే అడిగేయండి. "నేను ఏమైనా చేయాలా, లేకపోతే ఊరికే వినమంటావా?" మొదట్లో ఇలా అడగడం ఎబ్బెట్టుగా ఉంటుంది. నాకూ ఉండేది. కానీ ఇంతవరకు ఈ ప్రశ్నకి ఎవరూ నొచ్చుకోవడం నేను చూడలేదు. అడగకుండా ఇచ్చిన సలహాకి నొచ్చుకున్నవాళ్లని మాత్రం చాలామందిని చూశాను.

తర్వాత: చెవికి దారి ఇవ్వండి

జగదాంబ జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి బండి మీద వెనక కూర్చున్న మనిషి చెప్పే ముఖ్యమైన విషయం వినాలని ప్రయత్నించకండి. "ఆ, ఆ" అంటాం, సగం వింటాం, మిగతా సగం మన ఊహతో నింపేస్తాం. బండి పక్కకి ఆపండి, లేదా "ఇంటికెళ్లాక చెప్పు, మర్చిపోకు" అనండి.

ఇంట్లో టీవీ కూడా అంతే. 1953లో కాలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త కొందరికి ఒక్కో చెవిలో ఒక్కో మాట వినిపించి, ఒక చెవిలోది మాత్రం పైకి అప్పజెప్పమన్నాడు. వాళ్లు దాన్ని బాగానే అప్పజెప్పారు. రెండో చెవిలో మధ్యలో భాష మారిపోయినా వాళ్లకి తెలియలేదు. "నేను న్యూస్ చూస్తూ కూడా వింటూనే ఉన్నా, చెప్పు" అనే మాట ఎంతవరకు నిజమో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. టీవీ మ్యూట్ చేయండి, ఫోన్ బోర్లా పెట్టండి, ముఖం అటు తిప్పండి. ఈ మూడూ చేయడానికి పది సెకన్లు పట్టదు.

పెద్దవాళ్ల విషయంలో ఒక్క మాట, ఇది నా వృత్తి కొద్దీ చెబుతున్నాను. "నాన్న అసలు మాట వినిపించుకోరు" అని విసుక్కునే ముందు చెవులు పరీక్ష చేయించండి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో మొదట పోయేవి స, త, క లాంటి పలచటి ధ్వనులు. గొంతు వినబడుతుంది, మాట మాత్రం విడిగా తెలియదు. అందుకే "వినబడుతోంది, ఏమన్నావో తెలియట్లేదు" అంటారు. అలాంటప్పుడు అరవడం వల్ల లాభం లేదు. మీ ముఖం వెలుతురులో వాళ్లకి కనబడేలా నిలబడి, నెమ్మదిగా, విడివిడిగా చెప్పండి. కొన్నిసార్లు గులిమి గట్టిపడటమే కారణం అవుతుంది, డాక్టరు తీసేస్తే సరిపోతుంది. మన ఊళ్లో పెదవాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, ఒకసారి తీసుకెళ్లండి. పిన్నీసులు, అగ్గిపుల్లలు చెవిలో పెట్టనివ్వకండి.

గొంతులో తేడా పట్టుకోవడం

మాటలోని పదాల కంటే ముందు దాని చప్పుడు వినాలి. "సరే" అన్న మాటనే తీసుకోండి. ఠక్కున పలికితే ఒప్పుకున్నట్టు. "సరేలే" అంటే ఒప్పుకోలేదు, ఓపిక అయిపోయింది. "సరే సరే" అంటే ఇక ఆపమని. "సరే మరీ..." అని సాగితే వెళ్లడానికి లేస్తున్నట్టు. అలాగే "నీ ఇష్టం". నవ్వుతూ అన్న నీ ఇష్టం వేరు, గిన్నె కాస్త గట్టిగా పెడుతూ అన్న నీ ఇష్టం వేరు. ఇవన్నీ మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. తొందరలో ఉన్నప్పుడు మాత్రం పదాన్నే పట్టుకుని చప్పుడుని వదిలేస్తాం.

దీనికి చేయాల్సిన పని ఒకటే. మీకు బాగా తెలిసిన మనిషి మామూలుగా ఎలా మాట్లాడతారో గమనించి పెట్టుకోండి. ఎంత వేగం, ఎంత గట్టిగా, వాక్యం చివర గొంతు ఎటు పోతుంది. అది తెలిస్తేనే ఏ రోజైనా అది మారినప్పుడు తెలుస్తుంది. మా షాపుకి నెలనెలా బీపీ మందులకి వచ్చే ఒక పెద్దాయన ఎప్పుడూ "ఏటి బాబూ, బాగున్నావా" అని రోడ్డు మీద నుంచే కేకేస్తూ వస్తారు. ఒక రోజు కేక లేకుండా వచ్చి చీటీ బల్ల మీద పెట్టారు. "ఏమైందండీ?" అన్నాను. ఉదయం నుంచీ ఎడమ చెయ్యి లాగుతోందట, అదే తగ్గుతుందిలే అనుకున్నారట. చీటీ పక్కన పెట్టి, ఆటో ఎక్కించి ఎమర్జెన్సీకి పంపాం.

యాస గురించి కూడా చెప్పాలి. మన వైపు "లేదు"ని "నేదు" అంటారు, "ఏమిటి"ని "ఏటి" అంటారు. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చిన ఉద్యోగులు కొందరు ఈ యాస వినగానే అవతలి మనిషికి ఏమీ తెలియదనుకుని సగమే వింటారు. యాస మీద మన అభిప్రాయం ముందు కూర్చుంటే మాట లోపలికి రాదు. అర్థం కాని పదం వస్తే "ఆ మాట ఇంకోసారి చెప్పండమ్మా" అని అడగడంలో చిన్నతనం లేదు.

పేర్ల దగ్గర మాత్రం చెవిని అస్సలు నమ్మకండి. మెట్‌ఫార్మిన్ షుగర్ మందు. మెట్రోనిడజోల్ ఇన్‌ఫెక్షన్‌కి వాడేది. ఫోన్లో గబగబా చెబితే రెండూ ఒకేలా వినబడతాయి. అందుకే ఫోన్లో మందు పేరు ఎవరు చెప్పినా నేను "దేనికి వాడుతున్నారు?" అని అడిగి, చీటీ ఫోటో పంపమంటాను. మీరూ అకౌంట్ నంబరు, పేరు, ఊరు, రైలు టైము లాంటివి విన్నప్పుడు ఇదే చేయండి. పదిహేనా, పదహారా? కొత్తవలసా, కొత్తపాలెమా? ఇంకోసారి అడగండి.

విషయం కోసం వినేటప్పుడు: తిరిగి చెప్పండి

ఇది నేర్చుకోవడానికి ఐదు రకాల్లోనూ సులువైనది, ప్రమాదాలు తప్పించేది కూడా ఇదే. మిన్నెసోటా యూనివర్సిటీ ప్రొఫెసర్ రాల్ఫ్ నికల్స్ 1950ల్లోనే పరీక్షలు పెట్టి చూసి చెప్పిన సంగతి: మామూలు మనిషికి విన్న వెంటనే కూడా విన్నదాంట్లో దాదాపు సగమే గుర్తుంటుంది, రెండు నెలలు పోతే పావు వంతే మిగులుతుంది. పైగా నోరు మాట్లాడే వేగం కంటే మనసు పరిగెత్తే వేగం చాలా ఎక్కువ కాబట్టి, అవతలివాళ్లు ఒక వాక్యం పూర్తి చేసేలోపు మన మనసు బజారుకి వెళ్లి కూరగాయలు కొనుక్కుని వస్తుంది.

మా షాపుకి వచ్చే ఒక పోర్టు ఉద్యోగి ఒకసారి ఓడల సంగతి చెప్పారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఆ సన్నటి కాలువలోంచి ఓడని లోపలి హార్బరుకి తీసుకురావాలంటే దారి చూపే పైలట్ ఓడ మీదకి ఎక్కుతాడు. అతను "పోర్ట్ టెన్" (చుక్కాని ఎడమకి పది డిగ్రీలు) అంటే చుక్కాని దగ్గరున్న మనిషి "ఎస్ సార్" అని ఊరుకోడు. "పోర్ట్ టెన్" అని ఆ మాటే తిరిగి చెబుతాడు, చక్రం తిప్పుతాడు, తిప్పాక అయిందని మళ్లీ చెబుతాడు. తప్పు విని ఉంటే ఓడ కదిలేలోపే బయటపడుతుంది. మన మాటల్లోకి ఈ పద్ధతి తెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు.

మీరు వినేవాళ్లయితే, బ్యాంకులో గానీ బడిలో గానీ కరెంటాఫీసులో గానీ ఎవరైనా చెప్పగానే వెళ్లిపోకండి. "అయితే గురువారం లోపు, రెండు ఫోటోలు, ఒరిజినల్ పాస్‌బుక్కు. అంతేనా అండి?" అని అక్కడే అనండి. వాళ్లు చాలాసార్లు "ఆ, ఇంకోటి..." అని మర్చిపోయింది కూడా చెబుతారు. అంకెలు, తేదీలు, ముందు ఏది తర్వాత ఏది అన్న వరస, ఈ మూడూ ఉంటే రాసుకోండి. అవతలివాళ్లు మాట్లాడుతుండగా మనసులో జవాబు తయారు చేసుకోవడం మొదలుపెట్టారంటే వినడం ఆగిపోయినట్టే. ఆ క్షణంలో వాళ్లు చివర అన్న మాటని లోపలే ఒకసారి పలుక్కుంటే మనసు తిరిగి వస్తుంది.

మీరు చెప్పేవాళ్లయితే "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకి మన దగ్గర అందరూ అయిందనే అంటారు, పెద్దవాళ్ల ముందు కాలేదని అనడం మర్యాద కాదని మనకి నేర్పారు. ఆ సిరప్ తర్వాత నేను ఇలా మార్చుకున్నాను: "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా. ఇంటికెళ్లి పాపకి ఎలా పోస్తారో ఒక్కసారి చెప్పండి." తప్పు నా మీదే వేసుకుంటున్నాను కాబట్టి ఎవరికీ పరీక్ష పెట్టినట్టు ఉండదు. మూత తీసి, గీత మీద గోరు పెట్టి, "ఇందాకా పోస్తాను" అని చూపిస్తారు. అప్పుడు సీసా చేతికిస్తాను.

మనసు కోసం వినడం

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మా అక్క గాజువాకలో ఉంటుంది. ఒక సాయంత్రం షాపులో రద్దీగా ఉన్నప్పుడు ఫోన్ చేసింది. "ఏంటక్కా?" అన్నాను. "ఏం లేదురా, ఊరికే చేశాను" అంది. గొంతు కాస్త బొంగురుగా ఉంది. జలుబేమో అనుకున్నాను. "సరే అక్కా, రాత్రి చేస్తా" అని పెట్టేశాను. చేయలేదు. నాలుగు రోజుల తర్వాత తెలిసింది, బావ పని చేసే చోట కాంట్రాక్టు వాళ్లని తీసేశారని, అందులో బావ కూడా ఉన్నారని. ఆ ఫోన్ ఆ రోజుదే.

ఆదివారం పరుగున వెళ్లాను. వెళ్లి ఇంకో తప్పు చేశాను. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాను: పీఎఫ్ సంగతి కనుక్కున్నారా, ఫలానా చోట ఖాళీలు ఉన్నాయట, పిల్లాడి ఫీజుకి నేను సర్దుతాను. అక్క బెండకాయలు కోస్తోంది. కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "ఇవన్నీ నాకు తెలియవంటావా తమ్ముడూ? నీతో చెప్పుకుందామని చేశాను, అంతే" అంది. నా దగ్గర జవాబు లేదు. చెప్పే మాటలన్నీ అయిపోయి ఊరుకున్నాను. అప్పుడు తను మొదలుపెట్టింది. ఆ రోజు బావ ఇంటికొచ్చి టిఫిన్ డబ్బా కడిగి, రేపటి నుంచి అవసరం లేదని పై అరలో పెట్టేశారట. తనకి ఏడుపొచ్చింది ఉద్యోగం పోయినందుకు కాదట, ఆ డబ్బా అలా పైన పెట్టినందుకట. బెండకాయలు మొత్తం కోసేదాకా చెప్పింది. నేను మధ్యలో రెండే మాటలన్నాను. లేచేటప్పుడు తనే "పీఎఫ్ సంగతి ఏదో అన్నావు, అదెలాగో బావకి చెప్పు" అంది.

కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు 1957లో దీన్ని "యాక్టివ్ లిజనింగ్" అన్నారు. సలహా, తీర్పు, ఓదార్పు ఏదీ పైన వేయకుండా అవతలి మనిషి తన లోపల్నుంచి చూస్తున్నదాన్ని మనం కూడా చూడటం, చూశామని వాళ్లకి తెలిసేలా చేయడం. చెప్పినంత తేలిక కాదు గానీ, ఇలా చేయండి.

మాటకీ మాటకీ మధ్య ఖాళీ వస్తే నింపకండి. ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి చూసే ఉంటారు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పని చేసి, 2002లో మ్యూజియం అయింది. లోపల సోనార్ గది చూపిస్తారు. సోనార్‌తో రెండు రకాలుగా పని చేయవచ్చు. మనమే శబ్దం పంపి, అది తగిలి తిరిగొచ్చేదాన్ని వినడం ఒకటి. అలా చేస్తే అవతలి ఓడకి మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది, అది దారి మార్చుకుంటుంది. రెండోది, ఏ శబ్దమూ చేయకుండా సముద్రంలో వచ్చే చప్పుళ్లని వింటూ ఉండటం. బాధలో ఉన్న మనిషికి మనం వేసే ప్రతి ప్రశ్నా ఆ మొదటి శబ్దం లాంటిది. "ఎప్పుడైంది? ఎంత బాకీ? ముందే చెప్పొచ్చుగా?" అని అడిగిన కొద్దీ వాళ్లు చెప్పాలనుకున్నది వదిలేసి మన ప్రశ్నలకి జవాబులివ్వడం మొదలుపెడతారు. కాసేపు ఊరుకోండి.

వాళ్ల మాటల్లోంచే ఒక మాట తిరిగి ఇవ్వండి. "ఆ డబ్బా పైన పెట్టేశారా..." అంటే చాలు. "నీకు బాధగా ఉందన్నమాట" లాంటి తయారుగా ఉన్న వాక్యాల కంటే అది బాగా పని చేస్తుంది. "మా ఇంట్లోనూ ఇంతే", "అంతా మన మంచికే", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా" అన్న మూడు మాటలూ ఆ పూటకి మింగేయండి. మంచి ఉద్దేశంతోనే అంటాం. కానీ విన్నవాళ్లకి తలుపు వేసినట్టు ఉంటుంది.

ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని వాళ్లుంటారు, ముఖ్యంగా మగవాళ్లు, కాలేజీ పిల్లలు. వాళ్లని బీచ్ రోడ్డుకి తీసుకెళ్లండి. పక్కపక్కన నడుస్తుంటే కళ్లు కలపాల్సిన అవసరం ఉండదు, ఇద్దరూ సముద్రం వైపు చూస్తారు. వుడా పార్కు దాటేలోపు మాట బయటికి వస్తుంది.

ఒక్క సందర్భంలో మాత్రం ఊరుకోకూడదు. "ఇంక బతకాలని లేదు", "నేను లేకపోతే మీకే సుఖం" లాంటి మాట వినబడితే దాటేయకండి, తిట్టకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మెల్లగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అలా జరగదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి మీరే వెంట తీసుకెళ్లండి.

నిజమెంతో తేల్చుకోవడానికి వినడం: రాలిపోయిన "అట"ని వెతకండి

తెలుగులో మనకొక గొప్ప సౌకర్యం ఉంది. మనం కళ్లారా చూసిందైతే "వచ్చింది" అంటాం, ఎవరో చెబితే విన్నదైతే "వచ్చిందట" అంటాం. ఆ చిన్న "అట" మన భాష మనకిచ్చిన హెచ్చరిక. చిక్కేంటంటే మాట చేతులు మారే కొద్దీ అది రాలిపోతుంది. "అక్కడ రోడ్డు వేస్తారట" అన్నది మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి "రోడ్డు వేస్తున్నారు" అవుతుంది. కాబట్టి డబ్బు, ఆరోగ్యం, ఎవరి పరువైనా ముడిపడిన మాట విన్నప్పుడు చెప్పినవాళ్ల ప్రతి వాక్యానికీ మనసులో ఒక "అట" తగిలించి చూడండి. తర్వాత అడగండి: "మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?"

భోగాపురం వైపు స్థలాలు అమ్మేవాళ్ల మాటల్లో క్రియలు వినండి. "అప్రూవల్ వచ్చింది", "వచ్చేస్తుంది", "వచ్చేసినట్టే" అన్న మూడూ ఒకటి కాదు. వచ్చింది అంటే కాగితం చూపించమనండి, ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) రాసుకుని, ఆ అనుమతులిచ్చే వీఎంఆర్‌డీఏ ఆఫీసులో మీరే కనుక్కోండి. వచ్చేసినట్టే అంటే రాలేదని. "ఈ ఆదివారం దాటితే గజం రేటు పెరిగిపోతుంది" అన్నప్పుడు ఆ తొందర ఎవరిదో ఆలోచించండి.

హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12న మధ్యలో కాసేపు గాలి ఆగింది. మా వీధిలో ఎవరో "అయిపోయింది" అన్నారు, కొందరు బయటికొచ్చి విరిగిన కొమ్మలు తీయడం మొదలుపెట్టారు. తుపాను కన్ను మన మీదుగా పోతున్నప్పుడు అలాగే ప్రశాంతంగా ఉంటుందని, తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుందని తెలిసిన ఒక రిటైర్డు నేవీ ఆయన మేడ మీద నుంచి అరిచి అందర్నీ లోపలికి పంపారు. ఆ రోజు వీధంతా ఒక మాట చెబుతుంటే ఆయనొక్కరే వేరే మాట చెప్పారు. ఎంతమంది అంటున్నారన్నది కాక, తెలిసి అంటున్నది ఎవరన్నది వినాలని నాకు ఆ రోజు అర్థమైంది.

ఫోన్లో వచ్చే మోసాలకి కూడా ఇదే చెవి. తొందర, భయం, ఎవరికీ చెప్పొద్దనడం, ఈ మూడూ ఒకే గొంతులో వినబడితే మాట మధ్యలో ఉన్నా పెట్టేయండి. పోలీసులమని, కస్టమ్స్ అని వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్ట్" అంటారు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం అయ్యే కొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం.

ఈ చెవిని ఇంట్లోవాళ్ల మీద ఎక్కువగా వాడకండి. భార్య బాధ చెబుతుంటే "నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" అనకూడదు.

ఆనందం కోసం

దీని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. కళాభారతిలో కచేరీకి వెళితే ఫోన్ బయటికి తీయకండి, రికార్డు చేస్తూ ఉంటే చెవి ఖాళీగా ఉండదు. ఇంట్లో తాతగారు పదోసారి అదే కథ చెబుతుంటే "ఇది తెలుసు తాతయ్యా" అనకుండా ఈసారి ఏ ముక్క కొత్తగా కలిపారో వినండి. తప్పకుండా ఒకటి ఉంటుంది. అక్కడ మాత్రం ఊ కొట్టండి, కథ చెప్పేవాళ్లకి అదే ఊపిరి.

చివర: "ఉంటాను మరి" తర్వాత రెండు క్షణాలు

ఒకే సంభాషణలో ఈ చెవులన్నీ మార్చాల్సి వస్తుంది. కౌంటర్ దగ్గర మోతాదు చెప్పించుకుని, చిల్లర తీసుకుని, అయినా కదలకుండా నిలబడ్డ మనిషి ఉంటే అసలు సంగతి ఇంకా రాలేదని. "ఇంకేమైనా ఉందా?" అంటే "ఏం లేదు" అని వెళ్లిపోతారు. "ఇంకా చెప్పండమ్మా" అంటే ఆగి చెబుతారు. రెండు మాటలకీ అంత తేడా ఉంటుందని నేనూ మొదట నమ్మలేదు, ఒక వారం పాటించి చూడండి.

ఫోన్లో కూడా మనవాళ్ల పద్ధతి అదే. భోజనాలయ్యాయా, పిల్లలెలా ఉన్నారు, ఇంకేంటి సంగతులు అని అన్నీ అయ్యాక, "సరే ఉంటాను మరి" అన్నాక గానీ అసలు మాట బయటికి రాదు. కాబట్టి మీరు ముందు పెట్టేయకండి. వాళ్లు పెట్టేదాకా ఫోన్ చెవి దగ్గరే ఉంచండి.

మొన్న ఆదివారం రాత్రి అక్క ఫోన్ చేసింది. బావ కొత్త పనిలో కుదురుకున్నారు, పిల్లాడికి పరీక్షలు, ఊళ్లో వానలు, అన్నీ అయ్యాయి. "సరే, ఉంటానురా మరి" అంది. "ఆఁ అక్కా" అని ఆగాను. అటువైపు కుక్కరు విజిల్ వినబడింది, స్టవ్ తగ్గించిన చప్పుడు వినబడింది.

"అన్నట్టు తమ్ముడూ..." అంది.